కూకీ కార్: నార్మ్ గ్రబౌస్కీ కట్టిన టీ-రోడ్‌స్టర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కారు ఫోటో నా ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుని ఏళ్లు గడిచాయి. చూసినవాళ్లు మొదట అడిగేది "ఇది నిజం కారేనా?" అని. తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే నాకు తెలిసినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. తొందరలో ఉన్నవాళ్లు ఆకారం గురించిన జవాబు ఒక్కటి చదివినా చాలు. నా దృష్టిలో ఈ కారు గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఇంతకీ ఏ కారు ఇది?

1950ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో నార్మ్ గ్రబౌస్కీ అనే కుర్రాడు కట్టుకున్న హాట్ రాడ్. 1922 నాటి ఫోర్డ్ మోడల్ టీ బాడీలో ముందు సగం, దాని వెనక కత్తిరించి పొట్టిగా చేసిన మోడల్ ఏ పికప్ తొట్టి, ముందు మూత లేకుండా నిలబడ్డ కెడిలాక్ ఇంజిన్. చూడడానికి ఇంజిన్‌కే ఒక సీటు తగిలించినట్టు ఉంటుంది. "77 సన్‌సెట్ స్ట్రిప్" అనే టీవీ సీరియల్‌లో కనిపించాక అమెరికా అంతా దీన్ని కూకీ కార్ అని పిలిచింది.

హాట్ రాడ్ అంటే ఏంటి?

పాత కారు కొనుక్కుని, అక్కర్లేనివన్నీ పీకేసి, బరువు తగ్గించి, ఇంజిన్ బలం పెంచి, వేగంగా పోయేలా తిరిగి కట్టుకున్న బండి. ఆ పేరు ఎలా వచ్చిందన్న దానికి రెండు వివరణలు చెబుతారు. "హాట్ రోడ్‌స్టర్" అన్న మాటే కుదించుకుపోయి హాట్ రాడ్ అయిందని కొందరు అంటారు. ఇంజిన్లో ఉండే కనెక్టింగ్ రాడ్ నుంచి వచ్చిందని ఇంకొందరు.

దక్షిణ కాలిఫోర్నియాలోనే ఇది ఎందుకు పుట్టిందంటే, అక్కడ మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సులు ఉన్నాయి. మైళ్ల కొద్దీ చదునైన నేల, అడ్డం ఏమీ ఉండదు. కుర్రాళ్లు వారాంతాల్లో తమ బండ్లు తీసుకెళ్లి అక్కడ వేగం కొలుచుకునేవాళ్లు. 1937లో ఆ క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, సైన్యంలో మెకానిక్ పని నేర్చుకున్న కుర్రాళ్లు జీతం డబ్బులతో ఇంటికి తిరిగొచ్చాక ఈ పిచ్చి పదింతలైంది. 1948 జనవరిలో "హాట్ రాడ్" పత్రిక మొదలైంది. 1949లో యూటా రాష్ట్రంలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ మొదలైంది. నార్మ్ రంగంలోకి దిగేసరికి దారి తయారై ఉంది.

దీన్ని రోడ్‌స్టర్ అనొచ్చా? టీ-బకెట్ అని కూడా అంటారు కదా?

మంచి ప్రశ్న. ఒకే వరస సీటు ఉండి, పైన గట్టి టాపు, పక్కన అద్దాలు లేని కారును రోడ్‌స్టర్ అంటారు. రెండు వరసల సీట్లుంటే టూరింగ్. నార్మ్‌కి దొరికింది టూరింగ్ బాడీ. దాన్ని ముందు సీటు వెనక కోసేసి, వెనక సగం వదిలేశాడు. అంటే పుట్టుకతో టూరింగ్, రంపం పడ్డాక రోడ్‌స్టర్.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. నాకు భలే ఇష్టమైన విషయం. ఆ కాలంలో అమెరికాలో తయారైన మోడల్ టీ టూరింగ్‌కి డ్రైవర్ వైపు తలుపు ఉండదు. రేకు మీద తలుపు గీతలు మాత్రం అచ్చు కొట్టి ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే సందు ఉండదు, పిడి ఉండదు. ఎక్కాలంటే అటు తిరిగి కుడివైపు తలుపులోంచి ఎక్కాలి, లేదంటే అంచు మీద నుంచి కాలు వేసి దూకాలి. ఆ దొంగ తలుపు గీత ఈ కారు ఫోటోల్లో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ రోజుల్లో ఫైబర్‌తో చేసే నకలు బాడీల మీద కూడా చాలామంది ఆ గీతను అలాగే ఉంచుతారు.

ఇక టీ-బకెట్ అన్న మాట. పైకి తెరిచి ఉన్న ఆ పొట్టి బాడీ నిజంగా బకెట్‌లాగే ఉంటుంది. ఈ కారు తర్వాత వచ్చిన ఇలాంటి బండ్లన్నిటికీ అదే పేరు స్థిరపడింది. నార్మ్ మాత్రం తన కారును "లైట్నిన్ బగ్" అని పిలుచుకునేవాడు. మెరుపు పురుగు అన్నమాట.

కట్టినవాడు ఎవరు? ఇంజనీరా?

కాదు. నార్మ్ 1933 ఫిబ్రవరిలో న్యూజెర్సీలో పుట్టాడు. 1952లో సైన్యం నుంచి బయటికొచ్చి, లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న శాన్ ఫెర్నాండో లోయలో ఈ పని మొదలుపెట్టేనాటికి అతనికి ఇంకా ఇరవై నిండలేదు. పొడుగ్గా, భారీగా, పొట్టి క్రాఫుతో ఉండేవాడు. ఎప్పుడూ నవ్వు మొహమే. డ్రాయింగులు గీసి, లెక్కలు కట్టి చేసిన కారు కాదిది. కంటికి నచ్చేదాకా మార్చుకుంటూ పోయిన కారు.

కెడిలాక్ ఇంజిన్నే ఎందుకు పెట్టాడు?

అంతకు ముందు హాట్ రాడ్ అంటే ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిన్. ఎనిమిది సిలిండర్లు 'వీ' ఆకారంలో ఉంటే వీ8, వాల్వులు సిలిండర్ల పక్కన ఉంటే ఫ్లాట్‌హెడ్. 1932లో ఫోర్డ్ తెచ్చిన ఆ ఇంజిన్ చవగ్గా దొరికేది, దాన్ని ఎలా గిల్లితే ఎంత బలం వస్తుందో అందరికీ తెలుసు. కానీ 1949లో కెడిలాక్, ఓల్డ్స్‌మొబిల్ కంపెనీలు వాల్వులు పైన ఉండే కొత్త తరం వీ8లు తెచ్చాయి. కెడిలాక్‌ది 331 ఘనపు అంగుళాలు, మన లెక్కలో సుమారు 5.4 లీటర్లు. 1952 నాటికి అది కంపెనీ నుంచి వచ్చిన స్థితిలోనే 190 హార్స్ పవర్ ఇచ్చేది.

ఇప్పుడు పక్కన పెట్టి చూడండి. మోడల్ టీ సొంత ఇంజిన్ బలం 20 హార్స్ పవర్. అదే బాడీని ఇప్పుడు 190 లాగుతోంది. పైగా ఆ ఇంజిన్ దాదాపు 1,900 కిలోల కెడిలాక్ సెడాన్‌ను లాగడానికి పుట్టింది. ఇక్కడ బానెట్ లేదు, మడ్‌గార్డులు లేవు, టాపు లేదు, వెనక సీట్లు లేవు. యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఒక దశలో నార్మ్ దానికి 3-71 బ్లోయర్ కూడా బిగించాడు. ఇంజిన్లోకి గాలిని బలవంతంగా తోసే యంత్రం అది. నిజానికి జనరల్ మోటార్స్ డీజిల్ ఇంజిన్ల కోసం చేసింది. మూడు సిలిండర్లు, ఒక్కో సిలిండర్ 71 ఘనపు అంగుళాలు, అందుకే ఆ పేరు. లారీల నుంచి, పాత మిలిటరీ సామాను నుంచి ఊడదీసిన ఆ బ్లోయర్లను కార్ల మీదికి ఎక్కించడం అప్పటి కాలిఫోర్నియా కుర్రాళ్ల పని. ఈ కారు ఇంజిన్ మీద వరసగా కూర్చున్న నాలుగు కార్బురేటర్లను ఫోటోల్లో చూడొచ్చు.

ఆ ఆకారంలో అంత ప్రత్యేకత ఏముంది? నాకు బొమ్మ కారులా కనిపిస్తోంది.

బొమ్మలా కనిపించడంలోనే దాని అందం ఉంది. ఎవరినైనా "హాట్ రాడ్ బొమ్మ గీయి" అంటే చెయ్యి తనంతట తాను గీసే గీతలు ఇవే. ముందు సన్నని చిన్న టైర్లు, వెనక లావుపాటి పెద్ద టైర్లు. బండి మొత్తం ముందుకు వాలి, పరుగు పందెంలో తుపాకీ శబ్దం కోసం ఎదురు చూసే ఆటగాడిలా ఉంటుంది. రేడియేటర్ షెల్‌ని, అంటే దాని చుట్టూ ఉండే తొడుగుని, కత్తిరించి పొట్టిగా చేశారు. దాని పక్కన ఇంజిన్ ఇంకా ఎత్తుగా, ఇంకా బలంగా కనబడుతుంది. ముందు ఇరుసు బాడీకి బాగా ముందుకి జరిగి ఉంటుంది. వెనక తొట్టి ఎంత చిన్నదంటే అందులో సామాను పట్టదు. అది అక్కడ ఉన్నది చూపు ఆగడానికి, అంతే.

ఇవి విడివిడిగా అంతకు ముందూ ఉన్నాయి. మోడల్ టీ హాట్ రాడ్లు 1930ల నుంచే ఉన్నాయి. పెద్ద ఇంజిన్లు పెట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ఈ కొలతల్లో, ఈ పొందికలో అన్నీ ఒకచోట కుదిరింది ఇక్కడే. కుదిరాక దాన్ని ఎవరూ దాటలేకపోయారు.

దీన్ని నేను నిజంగా అర్థం చేసుకున్నది ఒక ప్లాస్టిక్ మోడల్ కిట్ అతికించినప్పుడు. టీ-బకెట్ కిట్, 25వ వంతు సైజు. ముక్కలన్నీ సరిగ్గానే అతికించాను. రంగు కూడా బాగా వచ్చింది. బల్ల మీద పెట్టి చూస్తే మాత్రం ఏదో తేడాగా ఉంది, నీరసంగా, తోపుడు బండిలా ఉంది. రెండు రోజులు అర్థం కాలేదు. చివరికి పక్క నుంచి తీసిన అసలు కారు ఫోటో పెట్టుకుని స్కేలుతో కొలిస్తే, నాది ముందు భాగం రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. అంతే! ఇరుసు ఊడదీసి, కింద గీకి, మళ్లీ అతికించాను. బండికి ప్రాణం వచ్చింది. రెండు మిల్లీమీటర్లు అంటే అసలు కారులో ఐదు సెంటీమీటర్లు. ఆ ఐదు సెంటీమీటర్లు నార్మ్‌కి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కన్ను చెప్పింది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చోట కాసేపు నిలబడి చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజిన్ మాత్రం వస్తాయి. మిగతాదంతా అక్కడి మేస్త్రీల చేతుల్లో తయారవుతుంది. టేపు పట్టుకుంటారు, కానీ చివరికి నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, "కొంచెం దించు" అంటారు. ఆ "కొంచెం" ఏ పుస్తకంలోనూ ఉండదు.

మొత్తం నార్మ్ ఒక్కడే చేశాడా?

ఆలోచన, పొందిక అతనివి. పనిలో మాత్రం మంచి మంచి చేతులు సాయం పట్టాయి. ఆ లోయలోనే ఉన్న బర్‌బ్యాంక్‌లో నీల్ ఎమరీ, క్లేటన్ జెన్సన్ నడిపిన వ్యాలీ కస్టమ్ షాపులో రేకు పని జరిగింది. ఆ రోజుల్లో లోయ మొత్తంలో అంత శుభ్రంగా పనిచేసే షాపు ఇంకోటి లేదని పేరు. లోపలి ఎర్ర సీటు కుట్టింది టోనీ నాన్సీ. అతను సీట్లు కుట్టడంలో ఎంత దిట్టో డ్రాగ్ రేసుల్లో, అంటే తిన్నటి దారిలో కొద్ది దూరం పెట్టే వేగం పందేల్లో, అంత గట్టివాడు. మంటల బొమ్మలు వేసింది డీన్ జెఫ్రీస్. సన్నటి బ్రష్షుతో గీతలు లాగడంలో అప్పట్లో అతనికి సాటి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

జార్జ్ బారిస్ కట్టాడని ఎక్కడో చదివాను?

కాదు. బారిస్ సినిమాలకి, టీవీకి వింత కార్లు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి, అందుకే టీవీ కార్లు అనగానే ఆయన పేరు గుర్తుకు రావడం మామూలే. ఈ కారు మాత్రం ఆయనది కాదు.

అసలు రంగు ఏది? కొన్ని ఫోటోల్లో నల్లగా, కొన్నిట్లో నీలంగా ఉంది.

రెండూ నిజమే. మొదట నలుపు. 1955 అక్టోబర్ "హాట్ రాడ్" పత్రిక ముఖచిత్రం మీద కనిపించింది ఆ నల్ల కారే. తర్వాత నీలం రంగు వేయించి, ముందు భాగంలో మంటలు గీయించాడు. జనానికి బాగా గుర్తుండిపోయింది ఆ నీలం కారు.

ఇందులో ఒక సంగతి ఉంది. "77 సన్‌సెట్ స్ట్రిప్" నలుపు తెలుపు సీరియల్. వారం వారం ఆ కారును కళ్లు ఆర్పకుండా చూసిన లక్షల మంది పిల్లలకి అది నీలం అని టీవీలో తెలిసే వీలు లేదు. పత్రికల్లో రంగుల ఫోటో చూసినవాళ్లకే తెలుసు. బూడిద రంగులో చూసినా అంత మందికి అంత పిచ్చి పట్టిందంటే, ఆ ఆకారానికి ఎంత బలం ఉందో చూడండి.

నన్నడిగితే నాకు నల్లదే ఇష్టం. మంటలు చూపును లాగేసుకుంటాయి. నలుపులో బాడీ గీత ఒక్కటే మిగులుతుంది.

బర్గర్ తింటూ ఉన్న ఫోటో కథ ఏంటి?

1957 ఏప్రిల్ 29 నాటి "లైఫ్" పత్రికలో డ్రాగ్ రేసింగ్ పిచ్చి గురించి పెద్ద కథనం వచ్చింది. అందులో నార్మ్ తన కారులో కూర్చుని డ్రైవ్-ఇన్‌లో తింటున్న ఫోటో ఉంది. డ్రైవ్-ఇన్ అంటే కారు దిగకుండానే, కారు దగ్గరికే పళ్లెం తెచ్చి ఇచ్చే హోటల్. ఆ చోటు బర్‌బ్యాంక్ అంచున, టొలూకా లేక్ దగ్గరున్న బాబ్స్ బిగ్ బాయ్. 1949లో వేన్ మెక్అలిస్టర్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన ఆ కట్టడం ఇప్పటికీ ఉంది.

ఆ ఫోటో విలువ ఏంటంటే, అప్పటిదాకా పేపర్లలో హాట్ రాడ్ కుర్రాళ్లంటే రోడ్ల మీద రేసులు పెట్టి జనం ప్రాణాల మీదికి తెచ్చే పోకిరీలు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి, రేసుల్ని వీధుల్లోంచి తీసి ట్రాక్‌ల మీదికి తేవాలని గట్టిగా పాటుపడుతున్నాడు. సరిగ్గా ఆ సమయంలో, దేశంలో ప్రతి మధ్యతరగతి ఇంటికీ వెళ్లే పత్రికలో, ఒక పొడుగాటి కుర్రాడు తన అద్భుతమైన బండిలో కూర్చుని హాయిగా బర్గర్ తింటున్నాడు. చూసినవాళ్లకి భయం వేయలేదు. ముచ్చటేసింది.

కూకీ అంటే ఎవరు?

సీరియల్‌లో ఒక పాత్ర. 1958 అక్టోబర్‌లో ఏబీసీ ఛానెల్లో మొదలైన "77 సన్‌సెట్ స్ట్రిప్" హాలీవుడ్‌లోని ప్రైవేట్ డిటెక్టివ్‌ల కథ. వాళ్ల ఆఫీసు పక్కనే డీనోస్ లాడ్జ్ అనే రెస్టారెంట్. అక్కడ వచ్చినవాళ్ల కార్లు పార్క్ చేసే కుర్రాడే కూకీ. ఎప్పుడు చూసినా జేబులోంచి దువ్వెన తీసి జుట్టు దువ్వుకుంటూ, తనదైన యాసలో మాట్లాడేవాడు. ఆ పాత్ర వేసింది ఎడ్ బర్న్స్.

విచిత్రం ఏంటంటే, ఆ సీరియల్‌కి ముందు తీసిన పైలట్ సినిమాలో బర్న్స్ వేసింది హంతకుడి పాత్ర. ప్రేక్షకులకి కుర్రాడు తెగ నచ్చేయడంతో వేరే పాత్ర ఇచ్చి వెనక్కి తెచ్చారు. దువ్వెన మీద 1959లో వచ్చిన పాట కూడా పెద్ద హిట్. హీరోలు డిటెక్టివ్‌లే అయినా, టీనేజ్ పిల్లలు చూసేది కార్లు పార్క్ చేసే కుర్రాడి కోసం, అతని బండి కోసం. సీరియల్ 1964 దాకా నడిచింది. బర్న్స్ 2020 జనవరిలో కన్నుమూశాడు.

టామీ ఐవో కారు కూడా ఇలాగే ఉంటుంది కదా? ఏది ముందు?

నార్మ్‌దే ముందు. టామీ ఐవో చిన్నప్పటి నుంచి సినిమాల్లో, టీవీల్లో నటించిన కుర్రాడు, అందుకే "టీవీ టామీ" అని పేరు. నార్మ్ కారు చూసి మనసు పారేసుకుని తనకూ ఒకటి కట్టుకున్నాడు. ఆ మాట ఎప్పుడూ దాచుకోలేదు. అతను వాడింది 322 ఘనపు అంగుళాల బ్యూయిక్ ఇంజిన్. నార్మ్ కారు ఎక్కువగా వీధుల్లో తిరిగితే, ఐవో కారు డ్రాగ్ స్ట్రిప్ మీద గట్టిగా పరుగెత్తింది. 1957 ఆగస్టులో అదీ "హాట్ రాడ్" ముఖచిత్రం అయింది. ఐవో తర్వాత పూర్తిగా రేసుల్లోకి వెళ్లి, నాలుగు బ్యూయిక్ ఇంజిన్లతో ఒక డ్రాగ్‌స్టర్ కూడా కట్టాడు.

టీ-బకెట్ కట్టేవాళ్లలో ఈ రోజుకీ రెండు వర్గాలు ఉన్నాయి, నార్మ్ వర్గం, ఐవో వర్గం. ఐవో కారు శుభ్రంగా, పొందిగ్గా ఉంటుంది. నార్మ్ కారులో కొంచెం మొండితనం ఉంటుంది. నేను ఏ వర్గమో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నడపడానికి ఎలా ఉండేది? ప్రమాదం కాదా?

ప్రమాదమే. సీటు బెల్టు లేదు, పైన కప్పు లేదు. బరువంతా ముందు ఇంజిన్లో, బలమంతా వెనక చక్రాల్లో, రెండిటికీ మధ్య దూరం తక్కువ. యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తొక్కితే వెనక చక్రాలు జారతాయి. అద్దం నిటారుగా, చిన్నగా ఉంటుంది కాబట్టి గాలి, దుమ్ము, పురుగులు అన్నీ మొహం మీదే. ఇంజిన్ వేడి నేరుగా కాళ్లకి కొడుతుంది. వానొస్తే తడవడమే. ఆ కాలపు ప్రేమతో దీన్ని చూడండి గానీ, అదే పద్ధతిలో ఈ రోజు నడపాలని మాత్రం అనుకోకండి.

తర్వాత కారు ఏమైంది?

నార్మ్ దాన్ని ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరానికి చెందిన జిమ్ స్కాంజేక్స్‌కి అమ్మేశాడు. ఆయన్ని జిమ్ స్ట్రీట్ అని కూడా పిలిచేవారు. బారిస్‌తో కలిసి గోల్డెన్ సహారా అనే బంగారు రంగు షో కారు చేయించిన మనిషి ఈయనే. ఆయన చేతికొచ్చాక కారు రూపం బాగా మారిపోయింది. షోల కోసం హంగులు చేర్చి, రంగు మార్చి, "కూకీ 2" అని పేరు పెట్టి ఊరూరా తిప్పాడు.

ఆ తర్వాత కారు జనం కళ్లకు కనబడకుండా పోయింది. గోల్డెన్ సహారాతో పాటు ఇదీ దశాబ్దాల తరబడి డేటన్‌లోనే ఆయన దగ్గరే ఉండిపోయింది. ఎవరికీ చూపించేవాడు కాదు. అభిమానులు ఉందా లేదా అని చెవులు కొరుక్కునేవాళ్లు. ఆయన పోయాకే రెండూ బయటికొచ్చాయి. గోల్డెన్ సహారా 2018లో, కూకీ కారు 2022లో వేలానికి వచ్చాయి.

జిమ్ మార్పుల మీద కోపం ఉన్నవాళ్లు చాలామందే. మొదట్లో నాకూ ఉండేది. కానీ ఆయన కొనకపోయుంటే ఇంజిన్ ఒకరికి, బాడీ ఒకరికి, ఇరుసు ఇంకొకరికి పోయి ఉండేది. ఆ కాలపు హాట్ రాడ్లలో చాలావాటికి అదే గతి పట్టింది. తాళం వేసి దాచినా, దాచాడు కదా.

నార్మ్ సంగతి?

కారు వల్ల సినిమా వాళ్ల కన్ను అతని మీద కూడా పడింది. 1950ల చివర్లో, 60ల్లో సినిమాల్లో, టీవీల్లో చాలా చిన్న వేషాలు వేశాడు. ఎక్కువగా భారీకాయుడైన కుర్రాడి పాత్రలు. కార్ ఇంజిన్లతో మోటార్ సైకిళ్లు కట్టాడు. షెవర్లే కార్వెయిర్ ఇంజిన్‌తో కట్టినది బాగా పేరు తెచ్చుకుంది. తర్వాతి ఏళ్లలో చెక్కతో పుర్రె ఆకారంలో గేర్ పిడులు చెక్కేవాడు. ఒక్కొక్కటీ చేత్తో చెక్కినదే కాబట్టి ఏ రెండు పుర్రెలూ ఒకేలా నవ్వవు. అవి ఇప్పుడు అపురూపమైన వస్తువులు. 2012 అక్టోబర్ 12న, 79వ ఏట చనిపోయాడు.

ఇప్పుడు కనిపించే టీ-బకెట్లన్నీ నిజమైన పాత ఫోర్డులేనా?

చాలా తక్కువ. ఈ కారు టీవీలో వచ్చాక అందరికీ అలాంటిది కావాలనిపించింది. అన్ని పాత బాడీలు ఎక్కడి నుంచి వస్తాయి? ఫైబర్ గ్లాస్ బాడీలు, తర్వాత పూర్తి కిట్లు మార్కెట్‌లోకి వచ్చాయి. నెబ్రాస్కాలోని స్పీడ్‌వే మోటార్స్ లాంటి కంపెనీలు ఏళ్ల తరబడి వీటిని అమ్మాయి. ఇంటి గ్యారేజీలో, పెద్దగా అనుభవం లేనివాళ్లు కూడా కట్టుకోగలిగిన హాట్ రాడ్ ఇదే. 60, 70లలో ఎంతోమంది అమెరికన్ తండ్రీ కొడుకులు కలిసి కట్టిన మొదటి కారు టీ-బకెట్.

మన దగ్గర ఇలాంటిది కట్టి రోడ్డు మీద తిప్పొచ్చా?

కుదరదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2021 జులైలో కేంద్రం పాతకాలపు బండ్లకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది, నంబర్ ప్లేటు మీద వీఏ అని ఉంటుంది. కానీ అది 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నవాటికే. హాట్ రాడ్ పుట్టుకే అసలు రూపాన్ని కోసేయడంతో మొదలవుతుంది కదా! చేతిలో డబ్బు, షాపు రెండూ ఉన్నా, ప్రైవేట్ స్థలంలో తిప్పుకునే షో బండిగానే ఉంచుకోవాలి.

చేత్తో కట్టిన వింత కార్లు చూడాలన్న సరదా ఉంటే హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం ఉంది. అసలు రూపంలో నిలబెట్టిన పాత కార్లు కావాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల బండ్లు చూడండి.

అమెరికాలో ఉన్నాం, హాట్ రాడ్లు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

లాస్ ఏంజెలెస్ వైపు ఉంటే ఒక శుక్రవారం సాయంత్రం బర్‌బ్యాంక్ రివర్‌సైడ్ డ్రైవ్‌లోని బాబ్స్ బిగ్ బాయ్‌కి వెళ్లండి. అక్కడ పార్కింగ్‌లో పాత కార్ల వాళ్లు చేరడం ఏళ్ల నాటి అలవాటు. టికెట్ లేదు, తాడు కట్టిన గీత లేదు. అడిగితే చాలు, ఓనర్లు ఇంజిన్ గురించి అరగంట చెబుతారు. చలికాలంలో అయితే పొమోనాలో జరిగే గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షో చూడండి, 1950 నుంచి నడుస్తున్న షో అది, మొదట్లో ఓక్‌లాండ్‌లో జరిగేది. విల్‌షైర్ బొలివార్డ్ మీద పీటర్సన్ మ్యూజియం ఉంది. "హాట్ రాడ్" పత్రిక పెట్టిన రాబర్ట్ పీటర్సన్ పేరు మీదే అది. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదే సుఖం.

మోడల్ కట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

టీ-బకెట్ కిట్ ఏదైనా 25వ వంతు సైజుది తీసుకోండి. 1955 నాటి నల్ల కారు పక్క నుంచి కనిపించే ఫోటో ఒకటి ప్రింట్ తీసి గోడకు అతికించుకోండి. జిగురు ముట్టుకోకముందు ముక్కలన్నీ టేపుతో నిలబెట్టి, కంటి ఎత్తులో పెట్టి ఫోటోతో పోల్చి చూడండి. రేడియేటర్ పైఅంచు ఎక్కడికి వస్తోందో, ముందు చక్రం దానికి ఎంత ముందుకి ఉందో కొలవండి. ముందు ఇరుసు దించాల్సి వస్తుంది, దాదాపు ప్రతి కిట్‌లోనూ. అది కుదిరాకే రంగు డబ్బా తెరవండి. డ్రైవర్ వైపు తలుపు గీత లోతుగా ఉంటే పుట్టీ పెట్టి కొంచెం పూడ్చండి. అది తెరుచుకునే తలుపు కాదు కదా.